తలుపు వైపు వాళ్ళు

ప్రియమైన మరదలికి,

గెలిచానే! ఉద్యోగుల కమిటీ ఎన్నికల్లో లైబ్రరీ తరఫున మీ వదినే గెలిచింది! ఫలితం చెప్పగానే ఎగిరి గంతేశాను, బైండింగు గదిలో జిగురు డబ్బా కాస్తా దొర్లిపోయింది. చెప్పులు నేలకు అంటుకుపోతుంటే ఆ చెప్పులతోనే వెళ్ళి మీ అన్నయ్యకు ఫోను చేశాను. ఆయన ఏమన్నారో తెలుసా? "ఇన్నాళ్ళూ నేనొక్కణ్ణే వినేవాణ్ణి. ఇక యూనివర్సిటీ అంతా వింటుంది, పాపం." వచ్చే జన్మలో ఆయన్ని నాకు ఆడపడుచుగా పుట్టించమని, నిన్ను మొగుడిగా పుట్టించమని దేవుడికి దరఖాస్తు పెట్టుకుంటా.

ఊరవతల మన యూనివర్సిటీ కోళ్ళ ఫారంలో ఫోను పలకదు కాబట్టి ఈ ఉత్తరం దాణా వ్యాను డ్రైవరు చేతికిస్తున్నాను. తడవకుండా తెస్తానన్నాడు.

అసలు నేను నిలబడాలనుకోలేదు. జీతాలు పెంచి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేదని క్యాంటీన్లో కాస్త గట్టిగా అన్నానంతే. పక్క బల్ల మీద కమిటీ అధ్యక్షుడు టీ తాగుతున్నాడు. ఎలక్ట్రీషియన్ కదా, పైగా కోపమొస్తే ముందు ఆయనే పేలిపోతాడు, అందుకని అందరూ ఫ్యూజు మాస్టారు అంటారు. "ఈ గొంతు మనకు కావాలి" అని నా పేరు రాసేసుకున్నాడు.

ఆయన నిన్న నన్ను పాలకమండలి గదికి తీసుకెళ్ళి చూపించాడు. పొడుగాటి బల్ల, చుట్టూ మెత్తటి కుర్చీలు. గోడవారగా రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఆ ప్లాస్టిక్‌వే మనవిట! మన జీతాల గురించి, మన సెలవుల గురించి బల్ల దగ్గర వాళ్ళు తేలుస్తుంటే మనం గోడకానుకుని వినాలి. అడిగితేనే నోరు విప్పాలి. ఓటు లేదు. నాకు ఒళ్ళు మండిపోయిందనుకో. జీతాల పెంపు, ఆ బల్ల దగ్గర ఓటున్న కుర్చీ, ఈ రెండూ మా కమిటీ అడుగుతోంది.

ఇంకోటి. నీ టెంపరరీ ఉద్యోగం పర్మనెంటు చేయించకపోతే నన్ను వదినా అని పిలవకు.

ఇట్లు,
కాళ్ళు నేల మీద ఆనని
నీ వదిన

*

ప్రియమైన వదినకు,

నీ ఉత్తరం గుడ్లు పొదిగే గదిలో నిలబడి గట్టిగా చదివాను. మిషన్ల చప్పుడులో నీ గొంతు తప్ప ఇంకేదీ వినబడదని మా దాణా మామ ఒకటే నవ్వు. దాణా కలిపే పెద్దాయనే, తెలుసుగా. "మీ వదినగారు బల్ల దగ్గర కూర్చుంటే ఆ బల్లకే భయం" అన్నాడు.

ఈ విడత పిల్లలు ఎంత బాగా వచ్చాయో! పొద్దున తలుపు తీసేసరికి ట్రేల నిండా కిచకిచలు. ఇన్నేళ్ళుగా చూస్తున్నా, పెంకు లోపల్నుంచి ముక్కుతో పొడవడం వినిపిస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది.

వదినా, నీకు చెప్పకుండా ఉండలేను. ఒక ప్రైవేటు హేచరీ ఆయన మనిషిని పంపాడు. ఇక్కడికి చాలా దూరం. జీతం బాగా ఇస్తాడట, ఉండడానికి గది కూడా. నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పమన్నాడు. అక్కడ లక్షల్లో పిల్లల్ని తీసి డబ్బాల్లో పంపేయడమే, ఏ పెట్ట ఏ జాతిదో చూసే పని ఉండదు. నాకు వెళ్ళాలని లేదు. కానీ ఏటేటా ఉద్యోగం పొడిగించే ఆర్డరు కాగితం కోసం ఆఫీసు మెట్ల మీద పడిగాపులు కాయడం ఇక నా వల్ల కాదు. మీ కమిటీ ఏదైనా సాధిస్తే ఉండిపోతాను. నా ఆశంతా నీ మీదే.

అన్నయ్యను తిట్టకు. ఆయనకు మాత్రం నువ్వు తప్ప దిక్కెవరు?

ఇట్లు,
నీ కోడిపిల్లల మరదలు

*

ప్రియమైన మరదలికి,

కూర్చుని చదువు, పడిపోతావు. రిజిస్ట్రారు గారు దిగొచ్చారు!

మమ్మల్నందర్నీ పిలిచి, కాఫీలు తెప్పించి, అడిగిన పెంపు మొత్తం ఇస్తామన్నారే! వచ్చే నెల నుంచే! పాలకమండలిలో ఓటున్న కుర్చీ కూడా! ఫ్యూజు మాస్టారు కాఫీ సాసర్లోకి ఒలకబోసుకున్నాడు. మా కమిటీలో అకౌంట్సు మేడం ఎప్పుడూ నవ్వదా, ఆవిడ నా చెయ్యి పట్టుకుని గిల్లింది. ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలన్నప్పుడు నలుగురూ నా వైపే చూశారు. నా వైపే! పుస్తకాలకు అట్టలు వేసుకునే దాన్ని, నేను!

శుక్రవారం సంతకాలు. కమిటీలో అందరూ పెట్టాలి, ఒక్క సంతకం తగ్గినా చెల్లదు.

మీ ఫారం మాత్రం ప్రస్తుతానికి ఇందులో లేదట, తర్వాతి విడతలో చూస్తామన్నారు. అదీ అయిపోతుందిలే, ఒక్కసారి బల్ల దగ్గర కూర్చోనీ, ఎలా ఇవ్వరో చూస్తాను.

మీ అన్నయ్య నిన్న తనంతట తనే టీ పెట్టి ఇచ్చారు. చక్కెర మర్చిపోయారనుకో. అయినా తాగేశాను.

ఇట్లు,
సంతోషం పట్టలేని
నీ వదిన

*

గౌరవనీయులైన కమిటీ సభ్యురాలు గారికి,

తమరి లేఖ అందింది. "తర్వాతి విడత" అనే మాట మేం ఇక్కడ చాలాసార్లు విన్నాం. కొత్త మిషన్లు తర్వాతి విడత. చేతులు కడుక్కోవడానికి వేణ్ణీళ్ళు తర్వాతి విడత. దాణా మామ కూడా ఒకప్పుడు కుర్రాడే, ఆయన పర్మనెంటు ఆర్డరు కూడా తర్వాతి విడతే.

నువ్వు ఆ ఒక్క వాక్యం ఎంత సునాయాసంగా రాసేశావు వదినా! చివర్లో టీలో చక్కెర గురించి కూడా రాశావు. ఉత్తరం నలిపి బుట్టలో పడేసి, మళ్ళీ తీసి సాపు చేసుకున్నాను. ఏడుపొచ్చింది, దాచడం దేనికి.

సరే, అయిందేదో అయింది. నువ్వు సంతకం పెట్టేయి. అంతమందికి వచ్చే జీతం నా ఒక్కదాని మొహం చూసి పాడుచేయకు. నేను ప్రైవేటు హేచరీకి వెళ్ళిపోతాను. అన్నయ్యకు నేనే చెప్తాను.

ఇట్లు,
ఫారం ఉద్యోగిని

*

ప్రియమైన, అతి ప్రియమైన, బంగారం లాంటి నా మరదలికి,

నన్ను తిట్టు, కొట్టు, కానీ ముందు ఇది విను!

నీ ఉత్తరం చదివాక నాకు ముద్ద దిగలేదు. కుర్చీ అనగానే కళ్ళు నెత్తికెక్కాయి నాకు, అదీ సంగతి. శుక్రవారం అందరూ సంతకాలు చేసేశారు. పెన్ను నా దగ్గరికొచ్చింది. మూత పెట్టి పక్కన పెట్టేశాను. "ఫారం వాళ్ళు లేనిదే నేను పెట్టను" అన్నాను. ఇక చూడు! ఫ్యూజు మాస్టారు నిజంగానే పేలిపోయాడు. అకౌంట్సు మేడం అయితే, "సొంత ఆడపడుచు కోసం మా అందరి నోటి దగ్గర కూడు లాగేస్తావా?" అంది.

నేనన్నాను కదా, "అవును మేడం, మా ఆడపడుచే. దాని మొహం తెలుసు కాబట్టి నాకు బాధ తెలిసింది. అక్కడున్న మిగతావాళ్ళ మొహాలు మనలో ఒక్కరికీ తెలీవు. సంతకం పెట్టేముందు ఎవరైనా వెళ్ళి చూశామా?"

కమిటీలో మాట కుదరకపోతే ఇక్కడొక పద్ధతుంది. ఉద్యోగులందరూ క్యాంటీన్లో చేరతారు. ఒప్పుకునేవాళ్ళు కిటికీ వైపు, వద్దనేవాళ్ళు తలుపు వైపు నిలబడాలి. ఏ వైపు ఎక్కువమందుంటే ఆ మాటే చెల్లుతుంది. ఆ మధ్యాహ్నమే బల్లలన్నీ జరిపేశారు. జనం కిటికీ వైపు పోతూనే ఉన్నారు. తలుపు వైపు నేను, తోటమాలి, కప్పులు కడిగే ఆవిడ. అంతే! నన్ను ఒక్కొక్కరూ ఎలా చూస్తున్నారంటే, నేల చీలితే బాగుండనిపించింది. చాలామంది మధ్యలో ఎటూ తేల్చుకోలేక నిలబడ్డారు.

అప్పుడు తలుపు తోసుకుని మీరొచ్చారు! దాణా అంటిన బట్టలతో, తల్లో ఈకలతో, ఫారం ఫారమంతా! వచ్చి సరిగ్గా నా పక్కనే నిలబడ్డారు. నాకు ఏడుపు ఆగలేదే. అందరి ముందూ నిన్ను వాటేసుకుని నీ భుజం తడిపేశాను. ఫారం వాళ్ళకూ ఓటుంది కదా, ఇన్నేళ్ళూ ఒక్కసారీ రాలేదంతే. మిమ్మల్ని చూశాక మధ్యలో వాళ్ళు కదిలారు. ఆఖర్న అకౌంట్సు మేడం కూడా ఇటొచ్చింది. మన వైపే ఎక్కువమంది తేలారు.

కోళ్ళకు మేత వేళవుతోందని మీరు వెంటనే వ్యానెక్కేశారు, నీతో నాలుగు మాటలు మాట్లాడలేకపోయాను. ఇప్పుడు అసలు వార్త. రిజిస్ట్రారు గారు ఇవాళ ఒప్పుకున్నారు! ఫారంతో సహా అందరికీ పెంపు. మీ టెంపరరీ వాళ్ళందరికీ పర్మనెంటు ఆర్డర్లు! కాకపోతే పెంపు వచ్చే నెల కాదు, కొత్త సంవత్సరం నుంచి. కొందరు గొణుగుతున్నారు, గొణగనీ. బల్ల దగ్గర నన్నే కూర్చోమంటున్నారు.

ఒక్కటే అర్థం కాలేదు. తలుపు వైపు నిలబడాలని నీకెవరు చెప్పారు? నేనెప్పుడూ రాయలేదే!

ఇట్లు,
నీకు జన్మంతా రుణపడ్డ
వదిన

*

ప్రియమైన వదినకు,

ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు నేను చెప్పేది విని నవ్వాలో ఏడవాలో నువ్వే తేల్చుకో.

మేం నీ చేత సంతకం పెట్టించడానికి వచ్చాం.

నువ్వు పెన్ను పక్కన పెట్టావని వ్యాను డ్రైవరు వచ్చి చెప్పగానే మా వాళ్ళందరికీ గుండె గుభేలుమంది. "ఇంతమంది ఉసురు మనకెందుకమ్మా" అన్నాడు దాణా మామ. దారి పొడుగునా వ్యానులో ఒకటే పాఠం అప్పజెప్పుకున్నాడు, "అమ్మా, మా గురించి ఆలోచించకండి, సంతకం పెట్టేయండి" అని. తలుపు తోసుకుని లోపలికొచ్చాం. తలుపు దగ్గర నుంచున్నాం. లోపలికొచ్చిన వాళ్ళు ఇంకెక్కడ నుంచుంటారు వదినా? అదే ఓటని మాకేం తెలుసు! నోరు తెరవబోతే నువ్వొచ్చి మీద పడ్డావు.

అప్పుడు ఫ్యూజు మాస్టారు అరిచారు గుర్తుందా? "కిటికీ వైపు ఒప్పుకున్నట్టు, తలుపు వైపు వద్దన్నట్టు! పక్క మార్చుకునే వాళ్ళు ఇప్పుడే మార్చుకోండి!" అని. అప్పటికి గానీ మాకు వెలగలేదు. నాలుగడుగులేస్తే కిటికీ. నా కాలు కదిలింది కూడా. అబద్ధమెందుకు, కదిలింది. నీ మొహం చూశాను. ముక్కు ఎర్రగా, కళ్ళు ఉబ్బి, అయినా పెళ్ళికూతురిలా వెలిగిపోతున్నావు. దాణా మామ వైపు చూస్తే ఆయన నా వైపే చూస్తున్నాడు. మెల్లగా అక్కడే, తలుపు దగ్గరే, నేల మీద చతికిలబడ్డాడు. "మోకాళ్ళమ్మా, ఇక నేను కదల్లేను" అన్నాడు. దాణా బస్తాలు ఇప్పటికీ ఒంటి చేత్తో ఎత్తే మనిషి! మావాళ్ళు ఇక ఒక్కరూ కదల్లేదు.

నా కోపం వ్యానులోనే పోయింది. గౌరవనీయులైన అని రాసినందుకు నా వేళ్ళు విరగ్గొట్టుకోవాలనిపించింది.

ప్రైవేటు హేచరీ ఆయనకు రానని ఆ శుక్రవారం సాయంత్రమే కబురు పెట్టేశాను. అప్పటికి రిజిస్ట్రారు గారు ఒప్పుకుంటారో లేదో ఎవరికీ తెలీదు. అన్నయ్యకు చెప్పకు, తొందరపడ్డానని తిడతారు. ఆర్డరు వచ్చినా రాకపోయినా ఉండిపోదామనుకున్నాను వదినా. మాకోసం ఒక మనిషి అంతమంది ముందు ఒంటరిగా నిలబడిందని చూశాక ఇంకెక్కడికి పోతాను?

ఇట్లు,
ఎప్పటికీ నీ
మరదలు