ఆకుపచ్చ లాంతరు

తిరువూరు,
ఆదివారం

నాజిమ్‌కి,

చైతన్య వాళ్ళమ్మను రాస్తున్నాను. బెజవాడలో నీ పాతసామాన్ల కొట్టు బాగానే నడుస్తోందనుకుంటాను.

మావాడు పోగుచేసిన కిరసనాయిలు లాంతర్లు చూడ్డానికి నువ్వొచ్చేసరికి ఇత్తడివన్నీ తళతళలాడుతున్నాయి. వాడి సంవత్సరీకానికి ఇంట్లో గిన్నెలతోపాటు వాటినీ చింతపండుతో తోమాను. "ఎంత పని చేశారు పెద్దమ్మా, ఆ పాత నలుపుకేగా ధర" అన్నావు. నాకు తెలియదు నాయనా. దుమ్ము పట్టి ఉంటే వాడికి బాగోదనుకున్నాను.

రేకుది ఒక్కటే తోమలేదు, ఆకుపచ్చది. కంపెనీ రంగైతే మంచి ధర వస్తుందని, బస్సుకు వేళైపోతుంటే అడుగున చూసి రాయమని చెప్పి వెళ్ళావు. నిన్న కళ్ళజోడు పెట్టుకుని చూశాను. అడుగున రంగులో కుంచె వెంట్రుక ఒకటి అంటుకుని ఉంది. పక్కనే, కారిన చుక్కను బొటనవేలితో అదిమిన గుర్తుంది. కంపెనీలో అట్లా చెయ్యరు కదా. కాబట్టి నీ లెక్కన దీనికి విలువ లేదు.

తోమినవి నీకు తోచిన ధరకు తీసుకెళ్ళు. దీన్ని మాత్రం అడగొద్దు. ఈ రంగు వేసింది మావాడో, వాడికంటే ముందువాళ్ళో గుర్తు చేసుకుంటే నీకు తెలుస్తుందేమో, లాంతర్ల కోసం ఇద్దరూ కలిసేగా తిరిగారు. మావాడైతే ఒక కార్డు ముక్క రాయి. కాకపోతే రాయొద్దు.

పెద్దమ్మ