బట్ట చూపు, పిల్లను కాదు

అత్తమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున నీ ఫోటోకు దండ వేశాను గానీ, నీ కొడుకు మీద కోపం మాత్రం ఇంకా దిగలేదు.

చీరలు కొనడానికి నారాయణపేట షావుకార్లు ఇంటికొస్తే, నువ్వు ఆడపిల్లలను లోపలి అర్రలోకి పంపేసేదానివి. "బట్ట చూపెట్టుర్రి, పిల్లను కాదు" అనేదానివి. ఇప్పుడు కొనేవాళ్లు ఫోన్లోనే వస్తున్నారు.

మన మగ్గం మీద నేసిన బట్టతో నీ మనవరాలు చిన్నికి లంగా కుట్టించాం. అది వేసుకున్న పిల్ల ఫోటోను నీ కొడుకు అమ్మకం కోసం ఫోన్లో అందరూ చూసేలా పెట్టాడు. మొన్న ఒకడు లంగా ధర అడగలేదు. "పాప ముద్దుగుంది, ఏ బడి?" అని రాశాడు. నీ కొడుకు బడి పేరే కాదు, విడిచే టైము కూడా చెప్పేశాడు!

"గిరాకి అడిగితే చెప్పకపోతే ఎట్ల? మంచిగనే మాట్లాడిండు" అన్నాడు.

"ఏడేండ్ల పిల్లతోని వానికేం పని?" అని అరిచాను. వీధంతా విన్నది. విననీ.

బడికి ఉరికి, మేమిద్దరం తప్ప ఎవరొచ్చినా పిల్లను పంపొద్దని టీచరుకు రాసిచ్చాను. నీ కొడుకు పెట్టిన ఫోటోతో పాటు, బడి వాళ్లు ఫోన్లో పెట్టిన మన చిన్ని డాన్సు వీడియో కూడా తీసేయించాను. ఆ బడి అడిగినవాడి మెసేజులు పోలీసులకిచ్చాను.

"పిల్ల లేకుంటే లంగా ఎవరు చూస్తరే?" అని నీ కొడుకు ఇవాళ మళ్లీ గొణిగాడు. ఆ లంగాను దండెం మీద వేసి నేనే ఫోటో తీసి పెట్టాను.

పొద్దటి నుంచి నలుగురు ధర అడిగారు. ఆ లంగా ఏ బడికి పోతుందని మాత్రం ఒక్కడూ అడగలేదు.