ముద్దుపెట్టి వదిలేసిన డొరాడో

మామయ్య డాన్ గుమెర్సిందోగారికి నమస్కరించి,

మీ అమ్మాయి ఎర్మెలిందాను చేసుకోవాలంటే ఈ పరానా నదిలో డొరాడో చేపని పట్టి చూపించమన్నారు. పట్టానండీ! గాలానికి ఈకల ఎర కట్టి విసిరానో లేదో, వచ్చి లాక్కుంది. ఎగిరింది, గెంతింది, నా వేళ్ళ తోలు ఊడగొట్టింది. చివరికి ఒడిసిపట్టి, నుదుటి మీద ముద్దుపెట్టి నీళ్ళలో వదిలేశాను. ఫొటో పంపుతున్నాను. పెళ్ళెప్పుడు?

మీ కాబోయే అల్లుడు
ఎవరిస్తో

తా.క.: ఎర్మెలిందా ఎప్పుడో ఒప్పుకుంది.

*

ఎవరిస్తోకి,

మామయ్య ఎవడోయ్? డొరాడో అంటే నేను పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ నా వలలు చింపుతున్న దొంగ. దానికి ముద్దుపెట్టి సాగనంపావా! చేతికొచ్చిన చేపను వదిలేసినవాడు రేపు నా పిల్లను వదిలెయ్యడని నమ్మకమేంటి? ఫొటోలో నీ పక్కన ఇకిలిస్తున్న ఆ బంగారు జుట్టావిడ ఎవరు?

గుమెర్సిందో

తా.క.: చేపని వదిలావు సరే. ఆవిణ్ణి వదిలినట్టు మాత్రం కనిపించట్లేదు.

*

అయ్యా,

కొంప ముంచారు! ఆవిడ నార్వే నుంచి చేపలవేటకొచ్చిన మనిషి, మనవలున్నారు. నేను గైడుని. ఫొటో తీసింది ఆవిడ మొగుడే. ఇక్కడ డొరాడోని చంపితే నా లైసెన్సు పోతుంది, అందుకే వదిలాను.

మీ ఎవరిస్తో

తా.క.: ముద్దు చేపకే పెట్టాను. అమ్మ తోడు.

*

ఎవరిస్తోకి,

మొగుడి ఎదురుగానేనా? సిగ్గులేదూ! మా ఆవిడ ఎదువిహెస్ ఆ ఫొటో పొయ్యిలో పెట్టింది. ఆఖరి మాట. ఆదివారం మా బల్ల మీద వేయించిన డొరాడో ఉంటేనే సంబంధం.

గుమెర్సిందో

తా.క.: చేప పెద్దదే. అది ఒప్పుకుంటాను.

*

అయ్యా,

తెస్తే ఉద్యోగం పోతుంది, తేకపోతే పిల్ల పోతుంది. నా బతుకు ఇంతే. నా గాలం కర్ర, ఈకల ఎర సరుకుల పడవలో పంపుతున్నాను. ఒక్కసారి మీరే వేసి చూడండి. దాని మొహం చూశాక కూడా చంపబుద్ధయితే ఎర్మెలిందాను ఎవరికైనా ఇచ్చెయ్యండి. ఏమీ అనను. ఏడుస్తాను, అంతే.

ఎవరిస్తో

*

అల్లుడు ఎవరిస్తోని దీవించి,

ఈకలు మొదట నా టోపీకి తగులుకున్నాయి, తర్వాత చెవికి. ఆ తర్వాత నీళ్ళలో పడ్డాయో లేదో, ఓరి నాయనో! ఇన్నాళ్ళూ వలలో చచ్చిన చేపలే చూశాను. ఇలా ఎగిరెగిరి నాతో పోట్లాడిన చేపని చూడలేదురా. దగ్గరికొచ్చి కళ్ళలోకి చూసింది. చేతులు వాటంతటవే వదిలేశాయి. ముద్దు కూడా పెట్టాను. ఏడ్చాను. “ఎవరిస్తోనే నా అల్లుడు!” అని నది మధ్యలోంచి కేకేశాను.

గట్టు మీద ఎదువిహెస్ నూనె కాచి, నిమ్మకాయలు కోసి నిలబడి ఉంది. “ఒక పిచ్చాడితోనే వేగలేకపోతున్నా, ఇంకొకణ్ణి తెచ్చి పెడతావా?” అంది. నా బట్టలు సంచిలో కుక్కి బయట పారేసింది. కనీసం పిల్లయినా మనవైపు ఉంటుందనుకున్నాను. “అమ్మ ముఖం చూస్తే నా రేపటి కాపురం కనిపించింది నాన్నా” అని తలుపేసుకుంది. మా ఊరి పశువుల డాక్టరుతో దాని పెళ్ళి ఖాయమైపోయింది. నన్ను క్షమించు.

నీ మామయ్య
గుమెర్సిందో

తా.క.: ఆదివారం సరుకుల పడవ వేళకి రేవుకి రా. పిల్ల రాదు, నేనొస్తున్నాను. నీ ఇంట్లో ఇంకో మంచం వెయ్యి.