కుడి చెవిలో పాట

డిసెంబర్, ఆదివారం రాత్రి

సాయంత్రం అమీర్‌పేట మెట్రో కింద చాయ్ తాగుతూ, నేనూ నా రూమ్మేట్ స్వప్నా సెలవులకు ఎక్కడికెళ్లాలా అని వాదించుకున్నాం. నేను లంబసింగి అన్నాను.

"గా చలికి నేను రాను. గోవా పోదాం," అంది.

కొత్త పాప్ పాటొకటి వినమని ఇయర్‌ఫోన్ తన కుడి చెవిలో పెట్టాను. ముఖంలో ఏ కదలికా లేదు.

"ఇది ఖరాబైంది," అని నవ్వింది.

తీసి నా చెవిలో పెట్టుకున్నాను. పాట గట్టిగానే మోగుతోంది. ఆ మాట చెప్పగానే తన నవ్వు ఆగిపోయింది.

"వారం సంది గిట్లనే ఉంది. ఇంట్ల చెప్పకు."

రేపు పంజాగుట్టలో చెవి డాక్టర్‌కు చూపిద్దామన్నాను. తలూపింది. మళ్లీ గోవా ఊసెత్తలేదు.

తిరిగి వస్తుంటే నన్ను తన ఎడమ పక్కకు రమ్మంది. వారమంతా నన్ను అటువైపే నడిపిస్తోందని అప్పుడు తట్టింది.