ఏడో నంబరు

శనివారం రాత్రి, రేపల్లె

తెనాలి కంప్యూటర్ క్లాసులో ఇవాళ సార్ ఇచ్చిన లెక్క తేలికైనదే. పేర్లన్నీ ఒక అర్రేలో, అంటే నంబర్ల వరసలో పెట్టి, వచ్చినవాళ్ళకు ఒకటి, రానివాళ్ళకు సున్నా వేయాలి. లూప్ తిప్పి, సున్నా ఉన్న పేర్లు మాత్రమే 'రాలేదు' అని ప్రింట్ చేయాలి. నాకు వరసగా నోటికి వచ్చేది నేను పాఠం చెప్పే సండేస్కూలు పిల్లల పేర్లే. రిజిస్టరులో ఉన్నట్టే టైపు చేసి, పోయిన ఆదివారం హాజరు వేశాను. రన్ చేస్తే ఒక్క లైను వచ్చింది: "సుహాసిని రాలేదు."

సార్ వెనక నించుని చూసి, "కరెక్టేనమ్మా. ఈ సుహాసిని అసలు రాదా ఏంటి?" అన్నారు.

"రాదండి," అన్నాను. వానాకాలంలో జ్వరమొచ్చి పోయిందని చెప్పలేకపోయాను.

ఆయన అటు వెళ్ళగానే ఏడులో ఉన్న ఆ పేరు తీసేశాను. కిందివాళ్ళంతా ఒక్కో స్థానం పైకి జరిగారు. ఎనిమిదిలో ఉన్న దాని చెల్లెలు కెజియా ఏడులోకి వచ్చేసింది. మధ్యలో ఖాళీ కూడా మిగల్లేదు. భయమేసి, పేరు మళ్ళీ అక్కడే చేర్చాను.

రిజిస్టరులో మాత్రం ఆ పేరు నేను కొట్టేయలేదు. హాజరు నంబర్లతో పిలుస్తాను కదా, ఆరు తర్వాత ఒక్క క్షణం ఆగి, ఎనిమిది అంటాను. పిల్లలకూ అలవాటైపోయింది. కానీ రేపు పొద్దున అక్కడ ఆగాలో వద్దో తెలియడం లేదు.

పోయిన ఆదివారం ఆరు పిలిచి ఆగాను. ఆ నిశ్శబ్దంలో కెజియా తల దించుకునే, "వచ్చానండి" అంది.

తన నంబరు ఎనిమిది పిలిచాక, మళ్ళీ పలికింది.