మన గుట్టమీద బాలింత

నాయనా, మన గుట్టమీద తోడేలు పిల్లల్ని పెట్టింది! బొరియల్లో పొగ పెట్టొద్దని నువ్వు గొర్రెల కాపర్లతో పోట్లాడేవాడివే, ఆ గుట్టే. నిన్న అది, నీమీద అందరికంటే గట్టిగా అరిచే ఓబులేసు మామ గొర్రెపిల్లను ఎత్తుకుపోయింది. పొగ పెట్టడానికి ఆయన అగ్గిపెట్టె పట్టుకుని బయల్దేరితే, భయమేసి నేనూ వెంట పరిగెత్తాను. బొరియ ముందు కూనలు ఒకదానిమీదొకటి పడి దొర్లుతున్నాయి. మామ చూస్తూ నిలబడిపోయాడు.

"బాలింత గదప్పా, ఆకలైంటాది" అని అగ్గిపెట్టె జేబులో వేసుకున్నాడు.

సాయంత్రం కాపర్లందరినీ కూర్చోబెట్టి ఆయనే చెప్పాడు: "కూనలు పెద్దయ్యేదాకా ఆ పక్క ఎవరూ మందలు తోలొద్దండి." అందరూ సరేనన్నారు నాయనా, అందరూ!

ఇవాళ నీ సంవత్సరీకం. మిద్దెమీద పెట్టిన ముద్దను కాకి ముట్టలేదు. నేను కంగారుపడుతుంటే అమ్మ నవ్వింది.

"యాడొస్తాడు? మీ నాయన ఆ కూనల్ని చూసుకుంటా గుట్టమీదే కూచోనుంటాడు."