ఖాళీ బోనం

పటాన్‌చెరు,
సెప్టెంబరు 20

ప్రియమైన నాన్నకు,

చెవి ఆపరేషన్ అయ్యాక ఫోన్‌లో చెప్పేది నీకు సగం వినపడటం లేదు, మిగతా సగం నువ్వే వినవు. అందుకే ఈ ఉత్తరం. తెనాలిలో అత్తయ్య చదివి పెడతానన్నా ఇవ్వకు, నువ్వే చదువుకో.

మా కాజీపల్లి మందుల ఫ్యాక్టరీకి అమెరికా హెడ్డాఫీసు నుంచి ఒక హుకుం వచ్చింది. అన్ని దేశాల యూనిట్లూ 'లాటినెక్స్ అస్తిత్వం, వైవిధ్యం, సాధికారత' మీద సదస్సు జరపాలట. నేను పనిచేసే హెచ్‌ఆర్ విభాగం మేనేజర్ సందీప్ సారు రెండు రోజులు అది కొత్త మాత్ర పేరనుకుని క్వాలిటీ వాళ్ళ దగ్గర వాకబు చేశాడు. చివరికి హుకుంతో పాటు వచ్చిన కరపత్రం చదివి చెప్పింది నేనే. మెక్సికో నుంచి, ఆ కింది దేశాల నుంచి వెళ్ళి అమెరికాలో స్థిరపడిన కుటుంబాల సంగతి అది. అక్కడే పుట్టి పెరిగినా వాళ్ళను "అసలు మీది ఏ ఊరు?" అని అడుగుతూనే ఉంటారట. అది చదువుతుంటే నా కథ ఎవరో అక్కడ కూర్చుని రాసినట్టు అనిపించింది. నువ్వు తెనాలి నుంచి ప్లాంటు ఉద్యోగానికని వచ్చి ఇక్కడ దిగి ముప్ఫై అయిదేళ్ళు. నేను పుట్టిందే పటాన్‌చెరులో. పది నిమిషాలు మాట్లాడతానని పేరిచ్చాను.

సందీప్ సారు నా పేరు పెన్నుతో కొట్టేశాడు.

"స్థానిక మహిళ ఉండాలె రమ్యశ్రీ. మీరు ఆంధ్రా కదా, జెర అర్థం చేస్కోండి" అన్నాడు.

ఎవరు ఎక్కడివాళ్ళో అడగకూడదని సదస్సు, దానికి మనిషిని ఎంచింది ఊరు అడిగి! ఇంత సిగ్గులేని పని చేస్తూ ఆయన టీ కూడా చప్పుడు చేస్తూ తాగాడు.

స్థానిక మహిళ అంటే ఎవరనుకున్నావు? మా బాత్రూములు కడిగే నర్సింహమ్మ. వాళ్ళ పొలం ఉన్నచోటే ఇప్పుడు మా ప్రహరీ గోడ ఉంది. ఆమె మాట్లాడక్కర్లేదట, బోనమెత్తుకుని అతిథుల ముందు నడిస్తే చాలట. రంగులేసిన కుండలు రెండు కొనుక్కొచ్చారు. లోపల ఏమీ ఉండదు. నెత్తిన పెట్టుకుని నవ్వాలి, అదీ సాధికారత.

విశాఖ యూనిట్‌కు బదిలీ అడుగుతూ కాగితం రాసి సొరుగులో పెట్టుకున్నాను. ఈ జనం మనల్ని ఎన్నటికీ తమవాళ్ళనుకోరు. సదస్సు అవగానే ఇచ్చేస్తాను. తల వంచుకుని పని చేసుకోమని మాత్రం రాయకు.

నీ కూతురు,
రమ్యశ్రీ

పటాన్‌చెరు,
అక్టోబరు 12

నాన్నా,

తల వంచుకోమనే రాశావు. వంచలేదు. నెత్తిన కుండ ఉంటే వంచలేం కదా. ఏం జరిగిందో చెబుతాను, చదివి నన్ను కూడా నాలుగు తిట్టు.

సదస్సు రోజు పొద్దున నర్సింహమ్మ కంపెనీ కుండ వదిలేసి సొంత కుండతో వచ్చింది. పసుపు రాసి, వేపాకు కట్టి, పైన దీపం పెట్టి, లోపల బెల్లమన్నం వండి తెచ్చింది. సెక్యూరిటీ గార్డు గేటు దగ్గరే ఆపేశాడు. మందుల ఫ్యాక్టరీలోకి బయటి తిండి మెతుకు కూడా పోకూడదు. సందీప్ సారు పరిగెత్తాడు.

"అన్నమెందుకు వండినవమ్మా? ఖాళీ కుండ చాలన్న కదా!"

"ఖాళీ కుండ నెత్తిన వెట్టుకుంటె బోనమెట్లయితది సారు? అమ్మకేం వెట్టాలె, కుండనా?"

"గిది అమ్మకు కాదు, అమెరికోళ్లకు."

"అయితె అమెరికోళ్లనే ఎత్తుకోమను."

ఎత్తిన బోనం దారిలో దించకూడదట. అలాగే వెనక్కి తిరిగి, గోడవతల పోచమ్మ గుడికి నడిచిపోయింది.

అప్పుడు సారు నా వైపు తిరిగాడు. "రమ్యశ్రీ, ఇంకో కుండున్నది. జల్దీ తయారుగండి. మీరు ఈడనే పుట్టిన్రు కదా!"

ఎత్తుకున్నాను నాన్నా. తిట్టుకుంటూ కాదు, ఆశపడి ఎత్తుకున్నాను. ఒక్క పూటయినా ఈ ఊరిదాన్ని అనిపించుకోవాలని. మొన్నటి ఉత్తరంలో అందరినీ చీదరించుకున్నానే, వాళ్ళందరికన్నా చవకగా అమ్ముడుపోయింది నేనే. హెడ్డాఫీసులో పనిచేసే మారిసోల్ అనే ఆవిడ, మెక్సికో కుటుంబంలో పుట్టిన మనిషి, తన గోడు రికార్డు చేసి పంపింది. ఆవిడ తెర మీద మాట్లాడుతుండగానే వెనక గేటు నుంచి బిర్యానీ దిగింది. దానికి ఏ నిబంధనా అడ్డు రాలేదు. మూతలు తీయగానే ఆవిడ గొంతు తగ్గించేశారు.

సాయంత్రం గేటు బయట నర్సింహమ్మ కనిపించింది. నేను కుండ ఎత్తుకుని నవ్వుతూ దిగిన ఫొటో నా ఫోన్‌లో చూసింది.

"కుండ బరువున్నదా బిడ్డా?"

"లేదు."

"గందుకే నవ్వుతున్నవ్" అని, కొంగు చాటు నుంచి విస్తరాకు పొట్లం తీసింది. "నీ పాలు బెల్లమన్నం తీసి వెట్టిన. పుట్టినసంది గీ అమ్మ నీడల్నే ఉంటివి, నీకు వెట్టకుంటె ఎట్ల?"

ముప్ఫై ఏళ్ళుగా ఎవరైనా అంటారేమోనని ఎదురుచూసిన మాట అది. రోడ్డు మీదే నిలబడి తిన్నాను, ఏడ్చాను కూడా.

మర్నాడు ఆ ఫొటో కింద 'బోనంతో స్థానిక మహిళ' అని రాసి అమెరికాకు పంపమన్నాడు సారు. నేను 'ఖాళీ కుండతో హెచ్‌ఆర్ ఉద్యోగిని. అసలు బోనాన్ని గేటు దగ్గరే ఆపేశాం' అని రాసి పంపాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. అద్భుతంగా జరిపారని మా యూనిట్‌కు ప్రశంసాపత్రం వచ్చింది! సారు దానికి అద్దం కట్టించాడు. రాసింది చదివిన మనిషి మారిసోల్ ఒక్కతే. "గేటు దగ్గర ఆగిపోయినావిడ పేరేమిటి?" అని అడిగింది. రాసి పంపాను.

బదిలీ కాగితం చింపేశాను. నువ్వు వచ్చే ఆషాఢం బోనాలలోపు ఇంటికి వచ్చెయ్. అన్నం వండి బోనం ఎత్తుకోవడం నర్సింహమ్మ నేర్పుతానంది. ఈసారి కుండ బరువుగా ఉంటుంది, నవ్వనులే.

ఇక్కడి నీ కూతురు,
రమ్యశ్రీ